నోటి వాసనకు మందు

బండ్రిలో నాటువైద్యం చేసే ఉచ్చెంగెప్ప ఇంటి అరుగు. ఎదురుగా మైన్స్‌లో టిప్పర్ నడిపే ఈరేష్ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన అతని భార్య మంజుశ్రీ. ఆమె మాటలు వింటున్నా, ముసలాయన దృష్టి మాత్రం ఆ తువ్వాలు మీదే ఉంది.

“నోటి వాసనే తాతా, వేరే ఏం లేదు. ఏదన్నా పొడి ఇయ్యి, పోతాం.”

“ఇస్తాలేమ్మా. ముందు అడగనీ. పొద్దున పండ్లు దేంతో తోముతావప్పా ఈరేషా?”

“పేస్టుతోనే. నేనే కొనిస్తా.”

“ఆయప్పను అడిగితిని మంజుశ్రీ.”

“ఆయప్పకు మాటలు తక్కువ. నన్నడుగు.”

“సరే. నాలిక గీకుతాడా? నాలిక మీద పాచి కడితే సగం కంపు ఆడ్నుంచే పుడతాది.”

“అదే, అదే! గీకడు తాతా. చెప్పి చెప్పి నా నోరు పోయె.”

“చిగుళ్ళ నుంచి రక్తం?”

“అప్పుడప్పుడు. అందరికీ కారదా?”

“కారతాది. వేళకు తింటాడా?”

“యాడ తింటాడు! టిప్పర్ దిగితే కదా. మైన్స్ నుంచి తోరణగల్లుకు, మళ్ళీ ఎనక్కి. కడుపులో ఏముండదు, నిద్ర ఉండదు. అద్దం దించితే నోటినిండా ఎర్ర దుమ్మే. ఆ దుమ్ముకు నోరెండిపోయి కంపు కొడతాది. అంతే కదా తాతా?”

“ఎండిన నోరు కంపు కొడతాది. నిజమే.”

“అంతే కదా!”

“యశస్విని... నా దగ్గరికి రాదు తాతా.”

“యశస్విని ఎవరప్పా?”

“మా పాప. వాసనని మూతి తిప్పుకుంటాది. చిన్నపిల్ల, దానికేం తెలుసు? మా అమ్మ తిమ్మమ్మకు నువ్వే కదా నయం చేసింది! కరక్కాయ, తానికాయ, ఉసిరిక్కాయ కాంచి పుక్కిలించమంటివి. కానుగపుల్లతో తోమమంటివి. యాడ పోయిందో వాసన! అదే ఇయ్యి.”

“మీ అమ్మది చిగుళ్ళ వాపమ్మా. ఏమప్పా, గుట్కా నములుతావా?”

“ఊఁ.”

“నిద్ర రాకుండా నమిలేటోడు. డ్రైవర్లంతా నములుతారు. మానేసినాడు.”

“ఎప్పుడు?”

“మానేసినాడంటి కదా తాతా!”

“తువ్వాలు తియ్యి ఈరేషా. నోరు తెరువు. ఇంకా తెరువు.”

“అంతే... అంతే తాతా.”

“నా వేలు కూడా దూరదే! ముద్ద ఎట్ల తింటావప్పా?”

“రాగి అంబలి తాగుతాడు. ఒంటికి చలువ కదా.”

“మంజుశ్రీ, కొంచేపు మాట్లాడకుండా సుమ్నె ఉండమ్మా. వెలుతురుకు తిరుగప్పా. బుగ్గ లోపల ఈ పుండు ఎన్నాళ్ళ నుంచి ఉండాది?”

“పన్ను గీరుకునింది తాతా. పన్ను కొస.”

“పన్ను గీరితే ఇట్ల రాయి మాదిరి అవుతాదా? దవడ కింద కూడా గడ్డ ఉండాది. ముట్టితే నొప్పా?”

“లే... లేదు.”

“చూస్తివా తాతా, నొప్పే లేదంట!”

“అదే నాకు భయం. నా పొడి దీనికి పని చెయ్యదమ్మా.”

“చేస్తాది. లవంగం వెయ్యి, తుమ్మచెక్క వెయ్యి. నువ్వుల నూనె నేనే పక్కన కూర్చొని పుక్కిలింపిస్తా.”

“కాసేపు వాసన పోతాది. లోపలుండేది పోదు. నా చేతిలో ఉంటే ఇయ్యనా? ఈ సండూరు కొండల్లో నాకు తెలిసిన ఆకులన్నీ నూరి పెడుదును. దీనికి ఆకు లేదు. నాకాడ లేదు.”

“కషాయమన్నా...”

“వద్దు. నా కషాయం నమ్ముకొని కూర్చుంటే ఆయప్పను నేనే సంపినట్టు. బేగ బళ్ళారి పోండి, పెద్దాసుపత్రికి. ఈపొద్దే పోండి.”

“నువ్వు సరిగ్గా చూళ్ళేదు తాతా. ఇంగొకసారి చూడు.”

“చూసే చెప్తాండా. ఈరేషా, నువ్వన్నా చెప్పప్పా ఈమెకు, బళ్ళారికి పోదామని.”

“ఆడ్నుంచే... వస్తాండాం.”

“ఏంది?”

“దవడ తీసెయ్యల్లన్నారు తాతా. తీసినా బతికేది చెప్పలేమన్నారు. నువ్వన్నా ఆ రోగం కాదంటావని ఆయప్పను ఆసుపత్రి మంచం మింద నుంచి లేపుకొని వచ్చినా.”