నాలుగోసారి వేసిన చెక్కలు

సముద్ర దేవత మాజు అమ్మవారి గుడిలో ఒక తల్లి, కూతురి కాలేజీ సీటు కోసం, నెలవంక చెక్కలు రెండు నేల మీద వేసి అమ్మవారి మాట అడుగుతోంది.

"మళ్ళీ రెండూ బోర్లా పడ్డాయమ్మా. మూడుసార్లూ వద్దనే అంది."

"నేనే సరిగ్గా అడగలేదేమో. ఉండు."

"కాలేజీ దరఖాస్తుకి ట్యూషన్ మాస్టారు రాసిన వ్యాసం నా పేరుతో పంపొచ్చా అనేగా అడిగావు?"

"అందరూ అలాగే సీట్లు కొట్టేస్తున్నారు కదే!"

"మరి అమ్మవారిని అడగడమెందుకు?"

"మనసొప్పక... ఇదిగో! ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. ఒప్పుకుంది!"

"నాలుగోసారికి. ఒప్పుకునేదాకా వేయడం, ఇదీ కాపీ కొట్టడమేగా?"

"నోర్ముయ్, అమ్మవారు వింటుంది."

"వినాలనే."

"...నువ్వు సొంతంగా ఎంత రాశావు?"

"రెండు పేజీలు. ఏం బాగాలేదు."

"సాయంత్రం దాకా గడువుందిగా. పద, నువ్వు రాస్తూ ఉండు, అమ్మవారికి పెట్టిన ఈ అనాసపండు కోసిస్తాను."

"సీటు రాకపోతే?"

"వచ్చే ఏడు మళ్ళీ వద్దాం తల్లీ. అప్పుడు ఒక్కసారే వేస్తాను."