అర్మాస్ కారుకి పడని చీటీ

కొంటే కొననీవే అమ్మాయ్, దానికంత బెంగ దేనికి? ముందు ఆదివారం రేసు అవ్వాలి, నీ కారు ఆఖరి దాకా చక్రాల మీద నిలబడాలి, దాన్ని చూసి ఎవడికో మనసవ్వాలి, వాడు చీటీ రాసి డబ్బాలో వెయ్యాలి. అప్పుడు కదా అది నీ చెయ్యి దాటేది. ఇంకా సీటే బిగించలేదు, అప్పుడే అమ్మకం గురించి ఏడుపు. రూలు నీ ఒక్కదానికే కాదుగా. ఎంత ఖర్చు పెట్టి చేసుకున్నా ఈ రేసులో కార్లన్నిటికీ ఒకటే ధర. రేసయ్యాక లైసెన్సున్న ఎవడైనా ఆ ధరకి నీ కారు అడగొచ్చు. అడిగితే తాళం చేతిలో పెట్టాలి. ఇవ్వనంటే ఏడాది పాటు ట్రాక్ మొహం చూడనివ్వరు. ఇద్దరు ముగ్గురు అడిగితే లాటరీ. డబ్బున్నవాడు బంగారం లాంటి ఇంజన్ తెచ్చి పెట్టి మనలాంటి వాళ్ళ నోట్లో దుమ్ము కొట్టకూడదని పెట్టారు. మంచి రూలే, నేను కాదనను. కాకపోతే మన ఊరి వాళ్ళ చేతికి మంచి రూలు ఇస్తే దాన్ని ఏం చేస్తారో నీకు తెలీదు. అర్మాస్ సంగతి విన్నావా ఎప్పుడైనా? వినలేదా. ఎలా వింటావులే, వాడు పోయేనాటికి మీ అమ్మ ఇంకా బళ్ళోకి వెళ్తోంది.

అర్మాస్, నేను ఒకే బెంచీ. వాడి పొలం మా పొలం పక్కనే, మధ్యలో ఆ కాలవ, అంతే. ఆవులుండేవి వాడికి, మంచి ఆవులు. ఓ ఏడాది గడ్డి అటక మీంచి పడ్డాడు. నడుం పోయింది. పాలు పిండలేడు, గడ్డి మొయ్యలేడు, ఆవులన్నీ అమ్మేశారు. ఆవులెక్కిన లారీ రోడ్డు మలుపు తిరిగే దాకా కొట్టం గుమ్మంలో నిలబడి చూశాడు, తర్వాత లోపలికెళ్ళి ఖాళీ కొట్టం అంతా కడిగాడట. ఆవుల్లేని కొట్టం. హెలినా, అదే వాడి భార్య, నాకు చెప్పింది. ఆ చలికాలం ఇంట్లో ఆ మనిషి నోట్లోంచి మాట రాలేదు. మనవాళ్ళు మామూలుగానే మాట్లాడరనుకో, మాట్లాడకపోవడంలో కూడా తేడా ఉంటుందిగా. ఇది దిగులు రకం. సోఫాలో కూచుని కిటికీలోంచి కొట్టం కేసి చూసేవాడట, కాఫీ చల్లారిపోయేదట. తర్వాత ఎక్కడ దొరికిందో ఓ పాత బీటిల్ కారు దొరికింది. ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చి కొట్టంలో పెట్టాడు. ఇక చూడు.

నువ్విప్పుడు చేస్తున్న పనే. అద్దాలు పీకేశాడు, సీట్లు పీకేశాడు, ముందు అద్దం చోట ఇనప జాలీ బిగించాడు, తలుపులు కదలకుండా బిగించేశాడు, లోపల పైపుల పంజరం వెల్డింగు చేశాడు. అది అందరూ చేసేదే, అందులో గొప్పేం లేదు. ఇంజను దగ్గర మాత్రం వాడికి పిచ్చి పట్టింది. విప్పిన ప్రతి ముక్కనీ కిరసనాయిల్లో కడిగి, ఆవులకి నీళ్ళు పెట్టే తొట్లలో వరసగా పేర్చాడు. లోపలి గోడలు వేలేస్తే జారేట్టు అరగదీశాడు. ఆ ధర కారుకి అంత పని ఎవడూ చెయ్యడు, చేస్తే పిచ్చోడంటారు, ఎందుకంటే రేపెవడో చీటీ వేసి పట్టుకుపోతాడు కదా. అది వాడికీ తెలుసు. తెలిసీ చేశాడు. చేసేశాక భయం పట్టుకుంది.

అప్పుడు మొదలెట్టాడమ్మా దొంగేషాలు. కొట్టానికి వేసే ఎర్ర సున్నం ఉంటుందే, దాన్ని చీపురు లాంటి కుంచెతో కారు మీద పూశాడు, అక్కడక్కడా అట్టలు కట్టేట్టు. బంపర్ ని తీగతో వదులుగా కట్టాడు, నడిస్తే లడలడ మోగాలని. రేసు ముందు పొగగొట్టం మీద వాడేసిన ఆయిల్ పూసేవాడు, వేడెక్కగానే నల్లగా పొగ. చూసినవాడెవడైనా ఈ ఇంజను ఈ రౌండులోనే పేలుతుందనుకోవాలని. పైగా గెలిచేవాడు కాదు. అది చూడాలి నువ్వు. ఇసక గోతి పక్కనున్న ఇదే ట్రాక్. మేమంతా ఇంజన్లు చంపుకుంటూ తోలుతుంటే వాడు ముందుకెళ్ళిపోయేవాడు, ఆఖరి చుట్టులో ఏదో గుర్తొచ్చినట్టు యాక్సిలరేటరు మీంచి కాలు తీసేవాడు. ఎవరో ఒకరం వాణ్ణి దాటే దాకా ఆగేవాడు. ఇంకొకరు దాటే దాకా కూడా ఆగేవాడు. అప్పుడు మూడో స్థానం. గెలిచిన కారుకీ రెండో కారుకీ చీటీలు పడతాయి, మూడోది ఎవడికీ పట్టదని వాడి లెక్క. ఆ రోజుల్లో నాకు వచ్చిన కప్పులు ఆ అరలో ఉన్నాయి చూడు. వాటిల్లో సగం వాడు కాలు తీస్తే వచ్చినవే. తుడవడం మానేశాను.

అందరికీ తెలుసమ్మా. వాడొక్కడే తెలీదనుకున్నాడు. ఆ ఇంజను చప్పుడు వింటే తెలీదూ? పైన పొగ, లోపల గడియారం. మొదటి రేసు రోజే నలుగురు చీటీలు రాసుకుని జేబులో పెట్టుకున్నారు. నేనూ రాశాను, అబద్ధమెందుకు. అప్పుడు హెలినా సాసేజిల బండి దగ్గర నన్ను పక్కకి పిలిచింది. ఆవిడ ఎక్కువ మాట్లాడదు. మొన్న కొట్టంలో ఆయన ఈల వేశారు కౌకో, చాలా కాలమయింది విని, అంది. ఆ కారు పోతే మళ్ళీ సోఫాలోకే వెళ్తారు, అంది. అంతే, వెళ్ళిపోయింది. నా జేబులో చీటీ వేడిగా అనిపించింది నాకు. తీసి చింపేశాను. చింపి, ఆ నలుగురి దగ్గరికీ వెళ్ళాను. అర్మాస్ కారు మీద ఎవడైనా చీటీ వేశాడా, వాడి ట్రాక్టరు మంచులో కూరుకున్న రోజు నన్ను పిలవద్దని చెప్పాను. ఈ ఊళ్ళో అంతకంటే పెద్ద బెదిరింపు లేదు. పక్క ఊరి వాళ్ళకీ చెప్పాం. దూరం నుంచి వచ్చేవాళ్ళకి అయితే, అయ్యో ఆ కారా, ఫ్రేము విరిగింది, మొన్న తీగతో కట్టాడు, అని చెప్పేవాళ్ళం. తీగ ఎలాగూ కనిపిస్తోందిగా. అలా ఊరు ఊరంతా వాడి నాటకానికి వంత పాడింది. వాడేమో మమ్మల్ని బుట్టలో వేశాననుకుని మురిసిపోయేవాడు. సౌనా ఆవిరిగదిలో నా పక్కన కూచుని, నా డొక్కు కారు ఎవడిక్కావాలిలే అని కళ్ళు చికిలించి నవ్వేవాడు. నేను రాళ్ళ మీద నీళ్ళు పోసేవాణ్ణి. ఆవిరిలో మొహాలు కనబడవు కదా, అదొక సుఖం.

మూడో వేసవికి వచ్చింది చిక్కు. కాఫీ ఉంటే కాస్త పొయ్యి... చాల్లే. ఆ వేసవిలో ఓ రేసులో ఎవడిదో తుప్పు కారు, పేరు కూడా గుర్తులేదు, సగం దారిలో ఆగిపోయింది, తోసుకొచ్చారు. దానికి రెండు చీటీలు పడ్డాయి. దానికి! అర్మాస్ అది చూశాడు. ఆ రోజు సౌనాలో నవ్వలేదు. నా కారుకి ఒక్కసారీ పడలేదే, ఒక్కటి కూడా, అన్నాడు. నీకు కావల్సింది అదేగా అన్నాను. అదే, అన్నాడు. మళ్ళీ ఇంకోసారి, అదే, అన్నాడు, ఈసారి వేరేగా. మనిషి బుర్ర చూడు, దొంగలు రాకూడదని తలుపేసుకుంటాడు, రెండేళ్ళు ఎవడూ తలుపు తట్టకపోతే మనింట్లో దొంగతనం చెయ్యదగ్గది ఏమీ లేదేమోనని దిగులు పడతాడు. అలా అయింది వాడి పని.

తర్వాత రేసుకి వచ్చాడు చూడు, కారుని గుర్తుపట్టలేకపోయాను. ఎర్ర సున్నం అంతా గీకేశాడు. నీలం రంగు, కొన్న రంగు, తళతళా మెరుస్తోంది. బంపర్ తీగ లేదు, పొగ లేదు. నంబరు కూడా గీతలు గీసి, అద్దంలా రాశాడు. ఇంజను మూత తెరిచి పెట్టుకుని పక్కన నిలబడ్డాడు, దారిన పోయేవాళ్ళందరూ చూడాలని. మేం చూస్తే గదా. తలొంచుకుని పోయాం. ఒకడైతే, ఇవాళ వాన పడేట్టుందే అర్మాస్, అని పైకి చూస్తూ దాటిపోయాడు. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. వాడికి ఎలా ఉంటుంది చెప్పు. ఫైనల్లో జెండా ఊపాక మేం వాడి మట్టి తప్ప వాణ్ణి చూడలేదు. కాలు తియ్యలేదు. ఎవరి కోసమూ ఆగలేదు. నేను రెండో వాణ్ణి, నేను ఆఖరి మలుపులో ఉండగానే వాడు దిగి హెల్మెట్ తీసేశాడు. మూడు వేసవులు నేను గెలుస్తున్నది ఏమిటో నాకప్పుడు తెలిసింది.

ఇక చీటీల టైము. అప్పుడు జడ్జి ఉంటో అని ఉండేవాడు, స్కూల్లో వడ్రంగం నేర్పేవాడు, నిక్కచ్చి మనిషి, పక్షం రోజుల ముందే ఈల నోట్లో పెట్టుకుని తిరిగేవాడు. చీటీల డబ్బా అంటే పాత కాఫీ డబ్బా, మూతకి కన్నం. టైమయిపోయింది, ఉంటో డబ్బా తెరిచి మైకులో ఒక్కొక్క నంబరూ చదివాడు. నా కారు పోయింది. ఎవడిదో లాడా కారు పోయింది. ఆ చివర తిరగబడ్డ కారు కూడా పోయింది. డబ్బా మూత పెట్టేశాడు. అర్మాస్ ఆ బల్ల ముందు నిలబడే ఉన్నాడు. టోపీ చేతిలో ఉంది, ఎందుకు తీశాడో మరి. ఉంటోని చూసి, మెల్లగా, "ఇంకోసారి చూడవా. అడుగున అంటుకుపోతుంటాయి ఒక్కోసారి," అన్నాడు.

ఉంటో చూశాడమ్మా. ఆ నిక్కచ్చి మనిషి డబ్బా తిరగేసి, అడుగున తట్టి, లోపలికి వేలు పెట్టి మరీ చూశాడు. ఏమీ లేదు. సాసేజిల బండి దగ్గర జనమంతా ఆవాల ముద్ద కేసి చూస్తున్నారు. నాకు ఎక్కడికైనా పోదామనిపించింది. మేం వాడికి మేలు చేస్తున్నామనుకున్నాం, రెండేళ్ళ పైన. వాడు చేసిన దాన్ని ఎవడూ కోరుకోకుండా చేశాం, అంతే మేం చేసింది. హెలినా ఎప్పుడొచ్చిందో నా పక్కన ఉంది. నా మొహం కూడా చూడలేదు ఆవిడ. "అడ్డు నువ్వేగా వేశావు. నువ్వే తియ్యి," అంది.

టైమయిపోయింది హెలినా, రూలు, అన్నాను. ఆవిడ కదలకుండా అలాగే నిలబడింది. ఇక ఏం చేస్తాను? ట్రెయిలరు వెనక్కి పోయి సాసేజి చుట్టిన కాయితం మీద రాశాను, నా పేరు, వాడి నంబరు. నూనె మరక మీద పెన్ను రాయదు, రెండుసార్లు దిద్దాను. బల్ల దగ్గరికెళ్ళి ఉంటో చేతి కింద పెట్టాను. ఉంటో గడియారం చూసుకున్నాడు. నన్ను చూశాడు. దూరంగా కారు మూత దించుతున్న అర్మాస్ వీపు చూశాడు. ఆ తర్వాత ఆ డబ్బా చేతిలోకి తీసుకుని, దాని అడుగున చాలా సేపు గోకి గోకి, మైకులో చెప్పాడు, ఒక చీటీ అంటుకుపోయింది, అని. జీవితంలో అదొక్కటే అబద్ధం ఆడి ఉంటాడు ఆ మనిషి. అది కూడా మైకులో.

అర్మాస్ మొహం చూడాలి అప్పుడు. వెలిగిపోయింది. మూడు వేసవులు ఏ కారు పోకూడదని అష్టకష్టాలు పడ్డాడో, దాని తాళం నా చేతిలో పెడుతుంటే చిన్నపిల్లాడిలా ఉన్నాడు. రూలు రూలే కదా కౌకో, అన్నాడు. ఇక నన్ను వదల్లేదు. మూడో గేరు జారుతుంది, మోకాలితో ఆనించి పట్టుకో, చలిగా ఉంటే ముందు కాసేపు వేడెక్కనీ, ఈ నట్టు మాత్రం ఎక్కువ బిగించకు. ఇంజను లోపల ఏం చేశాడో అంతా చెప్పాడు, ఎవరికీ చెప్పకుండా దాచుకున్నదంతా. సాయంత్రం దాకా చెప్పాడు. ఆ మనిషి అంత మాట్లాడటం నేను బళ్ళో కూడా వినలేదు. ఖాళీ ట్రెయిలరుతో ఇంటికి పోతూ ఈల వేశాడట. మర్నాడు పొద్దున్నే ఇంకో డొక్కు కారు వెతకడానికి పోయాడు. ఆ తర్వాత ఎన్ని చేశాడో. గెలిచేవాడు, అమ్మేవాడు, మళ్ళీ చేసేవాడు. ఆ బీటిల్ నా దగ్గర ఎన్నాళ్ళుంది? ఒక్క రేసు. గెలిచాను, చీటీల వాన కురిసింది, ఎవడో తీరం వైపు పట్టుకుపోయాడు.

నాకు మిగిలింది ఏంటంటే, అర్మాస్ దగ్గర ఇంకో కథ తయారైంది. నేను మొదటి నుంచీ దాని మీద కన్నేశానట. మిగతా వాళ్ళందరూ ఆగారని చూసి, ఆఖరి నిమిషంలో, దొంగలాగా, చీటీ డబ్బా అడుగుకి నొక్కానట. ఎక్కడ కూచుంటే అక్కడ చెప్పేవాడు. కోపంతో కాదు, ఎంతో ఇష్టంగా చెప్పేవాడు, నా వీపు మీద చరుస్తూ. కౌకో ఆగలేకపోయాడర్రా, నా కారు అలాంటిది మరి, అని. నేనేమనను? ఆ... ఆగలేకపోయాను, అనేవాణ్ణి. ఎన్నేళ్ళు అన్నానో. ఊళ్ళో పెరిగిన పిల్లలకి నేను స్నేహితుడి కారు లాక్కున్న మనిషిని. మా ఇంట్లో వాళ్ళే నమ్మారు.

వాడు పోయినప్పుడు, సమాధి అయ్యాక, చర్చి హాల్లో అందరికీ కాఫీలు. పాస్టరు గారు కొత్త, ఎవరో చెప్పిన ముక్కలు పోగేసుకుని మాట్లాడాడు. ప్రాణంలా చూసుకున్న కారుని పక్కింటి స్నేహితుడే తీసేసుకుంటే, నవ్వుతూ తాళం ఇచ్చిన పెద్ద మనసు అర్మాస్ గారిది, అన్నాడు. హాల్లో తలకాయలన్నీ నా వైపు తిరిగాయి. నా నోట్లో తియ్యటి రొట్టె ముక్క. ఉంటో అప్పటికే పోయాడు. లేచి చెప్పెయ్యాలనిపించిందమ్మా, నిజంగా అనిపించింది. ఏమని చెప్పను? నీ కారుని ఎవడూ అడగలేదురా అర్మాస్, అని చెప్పాలి. శవపేటికని మట్టిలోకి దించిన రోజున. కూచున్నాను. అప్పుడు హెలినా కాఫీ కెటిల్ పట్టుకుని లేచింది. మొదటి కప్పు పాస్టరుకే పొయ్యాలి కదా, ఆయన కప్పు ముందుకి జరిపాడు కూడా. ఆవిడ ఆయన్ని దాటేసింది. హాలు ఆ చివర నుంచి ఈ చివరకి, అందరూ చూస్తుండగా, నా దగ్గరికి వచ్చి, నాకు పోసింది. కప్పు నిండి సాసర్లోకి వచ్చింది, ఇంకా పోస్తూనే ఉంది.

...

వాన చినుకులు పడుతున్నట్టున్నాయి. ఆ టైర్లు లోపల పెట్టు, పో.