మనవరాలి బేస్ గిటార్

రిపేరు షాపు బల్ల మీద చవక రకం పొట్టి మెడ బేస్ గిటార్ ఉంది. తెచ్చిన పెద్దాయన ముప్పై ఏళ్లుగా ఒక బ్యాండులో పొడవాటి బేస్ వాయిస్తున్నాడు. ఇలాంటివాటిని ఆయన ఆటబొమ్మలని వెక్కిరించడం రిపేరతను చాలాసార్లు విన్నాడు.

“మనవరాలికి కొన్నాను. తీగలు బాగా కిందికి దించు. నొక్కితే నొప్పి పుట్టకూడదు.”

“మరీ దించితే గరగరమంటాయి బాబాయ్.”

“అంటే అననీ. తీగల కింద ఇక్కడో చెక్కముక్క బిగించు.”

“వేళ్లు దానికి ఆనించి బొటనవేలితో మీటడానికా? అలా మీ తరంవాళ్లే వాయిస్తారు.”

“నేనే నేర్పుతున్నాలే.”

“పాప చెయ్యి ఎంతుంటుంది? మెడ కాస్త అరగదీయాలేమో చూస్తాను.”

పెద్దాయన తన ఎడమ చెయ్యి బల్ల మీద పరిచాడు. చిటికెనవేలు మాత్రం వంగే ఉండిపోయింది.

“ఇంతే ఉంటుంది.”

రిపేరతను టేపు తీసి ఆ చేతిని కొలిచి రాసుకున్నాడు.

“శనివారం ఇస్తాను. చిటికెనవేలి పని ఉంగరం వేలితో కానిమ్మనండి. పొట్టి మెడ కదా, అందుతుంది.”

“చెబుతాను. మా బ్యాండువాళ్లు నీ దగ్గరికి వస్తుంటారు కదా...”

“మీ మనవరాలి సంగతి వాళ్లకెందుకు బాబాయ్?”