పోస్టుకి ఒకటే పేరట

అయినా, ఎనిమిదొందల మాటలు దాటకూడదని రూలు పెట్టినోడు ఒకపాలి తాను కూకుని లెక్కెట్టి ఉంటే తెలిసీది. మాటకో చింతపిక్క పక్కన పెట్టుకుంటూ వచ్చినాను. ఆరొందలకాడ మా కోడి వచ్చి పిక్కలన్నీ కెలికీసినాది. మళ్లీ మొదట్నుంచీ. ఈసారి కోడిని గంప కింద ఏసినాను గాని, ఈ మాటకి పిక్క పెట్టినానా లేదా అని నాకే అనుమానం. కోడి నయం, అది కెలికితే కనిపిస్తాది.

ఉండు, లెగకు దాలమ్మా. దూది గట్టిగా కొరుక్కో.

నాలుగు పళ్లు ఒకేపాలి పీకించుకున్నావనీ, నాలుగింటిదాకా నోరు ఇప్పొద్దని రాజాం డాక్టరు సెప్పినాడనీ నీ కోడలు యమున గుమ్మంలోనే సెప్పీసినాది. మంచిదే. ముప్పై ఏళ్లు నీ పక్క పీట మీద కూకుని మోటార్లకి రాగితీగ సుట్టినాను. నాను మాటాడతంటే నువ్వు ఇనడం ఇదే మొదలు.

ఇది కంపెనీ సంగతే. జోగయ్య గారు పోయినాక ఆయన కొడుకు ధనరాజ్ ఆ కుర్చీలో కూకున్నాడు కదా. కంపెనీకి ఇంటర్నెట్లో టెక్నికల్ బ్లాగు పెట్టినాడు. బ్లాగంటే ఏటంటావా? గోడపత్రిక లాటిదే, గోడ ఉండదు. మోటార్ల పని తెలిసినోళ్లు రాస్తే ఎక్కడెక్కడోళ్లో సదువుకుంటారట. పని మానీసిన మనలాటోళ్లు కూడా రాయొచ్చట. ‘రాసేవారికి సూచనలు’ అని పన్నెండు రూళ్ల కాగితం గేటుకాడ అంటించినాడు. మనం సేరినప్పుడు ఆ గేటుకి రూలు ఒకటే, సెప్పులు బయట ఇప్పమని.

అంతా సదివినాను. రెండుపాళ్లు. బైబిలు మీదా వార్నిష్ డబ్బాల మీదా అక్షరాలు నేర్సుకున్న మనిసిని, కాగితం కనిపిస్తే ఊరుకోలేను కదేటి.

నవ్వకు, రక్తం వస్తాది.

ఎందుకు రాయాలనిపించిందంటావా? మొన్న గుడిలో పరలోక ప్రార్థన సెప్తా సెప్తా మధ్యలో ఆగిపోనాను. అరవై ఏళ్లుగా సెప్తన్నది. పక్కనున్న ఆవిడ గొంతు పెంచి లాక్కెళ్లబట్టి సరిపోనాది. నీ కోడల్ని నిన్న మా కోడలి పేరెట్టి పిలిసినాను. అది పలికింది కూడాను, పాపం. తలలో ఉన్నది కాగితం మీదకి బేగి దింపీయాలి, లేకపోతే నాతోనే పోతాది అనిపించినాది.

నా తలలో ఏటున్నాది? గ్లాసు ఉన్నాది.

అదే, గ్లాసు పరీక్ష. మోటారు సుట్టి వార్నిష్‌లో ముంచినాక వానాకాలంలో లోపల ఆరిందో లేదో పైకి తెలిసి సావదు కదా. మనమేటి సేసీవోళ్లం? మోటారు కడుపులో నూరు క్యాండిళ్ల బల్బు ఎలిగించి, మీద గోనె కప్పి, గోనెకున్న కన్నం మీద సల్లటి స్టీలు గ్లాసు బోర్లించీవోళ్లం. గ్లాసు లోపల సెమ్మ పట్టినాదంటే తడి ఇంకా ఉన్నట్టు. పొడిగా ఉంటే ఇంక బిగించీడమే. హుదూద్ తుఫానుకి తడిసిన మోటార్లు గుట్టలుగా వస్తే, కొత్తగా సేరినోళ్లు ఆరినాయనుకుని బిగించీసినారట. సగానికి సగం మళ్లీ కాలిపోనాయి. గ్లాసు సంగతి ఆళ్లకి ఎవులూ సెప్పలేదు.

అందుకని రాసినాను. అప్పుడు మొదలైనాయి ఈ రూళ్లు.

‘మొదటి వాక్యంలోనే చదివేవారి ఇబ్బంది చెప్పాలి.’ నాను స్తోత్రంతో మొదలెట్టినాను. మంచి పని అలగే కదా మొదలెడతాం. ధనరాజ్ అరపేజీ కొట్టీసినాడు. దేవుడి మాటలు కూడా ఎనిమిదొందల్లో కలుస్తాయట.

‘కంపెనీ సరుకును పొగడరాదు.’ జోగయ్య గారి మోటారు ఏనుగులాటిదని రాసినాను. అదీ కొట్టీసినాడు. “నీ కంపెనీని నీ గోడ మీద మేం పొగడకపోతే ఇంకెవుడు పొగుడుతాడు నాయనా, పక్క కంపెనీవోడా?” అన్నాను. “మామ్మా, అలగ రాస్తే సదివీవోళ్లు నమ్మరు,” అన్నాడు. ఏనుగుని నమ్మరట.

‘ఇంతకుముందు మరెక్కడా ప్రకటించి ఉండరాదు.’ ఇక్కడ దొరికిపోనాను దాలమ్మా. రెండు ఆదివారాల కిందట నాను సంఘం ముందు నిలబడి సాక్ష్యం సెప్పినాను కదేటి. దేవుడు నా సేత ఇలగ రాయిస్తన్నాడని సెప్తా సెప్తా, బల్బు, గోనె, గ్లాసు, మొత్తం సెప్పీసినాను. నూట ఇరవై మంది ఇన్నారు. ఎనక వరసలో కూకున్నాయన ఒకడు, గోనె తడిపీ పెట్టాలా పొడిగానా అని అడిగినాడు కూడా. అది ప్రకటించినట్టే కదా మరి. మా పాస్టరు కృపానిధి అయ్యగార్ని అడిగితే, “అమ్మా, అది నీకూ కంపెనీకీ మధ్య సంగతి,” అన్నారు. నిద్ర లేదు నాకు. ఆఖరికి ధనరాజ్‌కి సెప్తే, అటు తిరిగి కాసేపు గోడకేసి సూసి, “గుడి లెక్కలోకి రాదు మామ్మా,” అన్నాడు. భుజాలు ఊగతన్నాయి ఆడికి. నవ్వుకున్నాడనుకుంటాను.

సరే. ఇంక అసలు దానికి వస్తన్నాను. అటు తిప్పకు మొహం.

‘రాసిన విషయం రాసినవారు స్వయంగా కనుగొన్నదై ఉండాలి. ఒక పోస్టుకు ఒకే పేరు.’

అలగే కింద ‘సువార్తమ్మ’ అని రాసి ఇచ్చీసినాను.

ఎందుకలగ సూస్తావు? ఇను ముందు.

గ్లాసు ఫోటో కూడా పెట్టాలన్నాడు. మా ఇంట్లో గ్లాసు పట్టుకెళ్లినాను. ధనరాజ్ ఫోటో తీసి, వేళ్లతో సాగదీసి సూసినాడు. “మామ్మా, గ్లాసు మీద దాలమ్మ అని సెక్కి ఉన్నాది. ఇది నీ గ్లాసేనా?” అన్నాడు. నాదే నాయనా, అన్నాను. మా వోడి పెళ్లికి దాలమ్మ అరడజను గ్లాసులు సదివించినాది, పేరు సెక్కించి మరీ. దాని పేరున్నాదంటే అది నా గ్లాసన్నమాట. దాని కొడుకు పోతురాజు పెళ్లికి నాను అరడజను ఇచ్చినాను. నా పేరున్నవన్నీ దాని గ్లాసులు. ఇరవై ఏళ్లు ఇద్దరం ఎదటి మనిసి పేరు మీద టీ తాగినాం, అన్నాను.

ఆడు తల గోక్కున్నాడు. “అదంతా ఒదిలీ మామ్మా. గ్లాసు ముందు బోర్లించింది నువ్వా, దాలమ్మా? అది సెప్పు సాలు,” అన్నాడు.

గేపకం లేదు, అన్నాను.

నమ్మీసినాడు. ఈ మధ్య నాను గేపకం లేదంటే అందరూ నమ్మీస్తన్నారు దాలమ్మా. ఆదివారం కానుక సంచీలో ఎయ్యకపోయినా నమ్ముతన్నారు. మా కోడలి తమ్ముడి పెళ్లికి ఎల్లకపోయినా నమ్మినారు. ఒక సుఖం ఉన్నాది ఇందులో, ఎవులికీ సెప్పకు.

నాలుగింటికి దాన్ని ఇంటర్నెట్లో ఎక్కించీస్తానన్నాడు. ఎక్కించినాక పేరు మార్సడం కుదరదు. అదీ రూలే, పదకొండోది. ఇప్పుడు టైమెంత? ఆ గడియారం నడుస్తన్నాదా? మూడుంపావు.

నీ నోట్లో దూది ఉండగానే సెప్పీయాలని వచ్చినాను. దూది తీసినాక నీతో నాను నెగ్గలేను.

నాకు గేపకమే.

నాగావళి పొంగిన ఏడు. వారం నుంచి ఎండ లేదు. బల్బెట్టి గోనె కప్పినా మోటార్లు ఆరక, కాలినవన్నీ తిరిగొచ్చి, జోగయ్య గారు మనిద్దర్నీ మాన్పించీస్తానన్నారు. నువ్వు టీ తాగీసి, గ్లాసు కడిగి తుడిసి, ఈగలు వాలతాయని గ్లాసు తీసి గోనె కన్నం మీద బోర్లించినావు. కాసేపటికి ఎత్తి లోపల సూసినావు. సూసి, తెచ్చి నా ముక్కు కింద పెట్టినావు. లోపలంతా సెమ్మ. పైన సెక్కిన పేరు సువార్తమ్మ.

నా పేరున్నాదంటే ఎవులి గ్లాసది?

అదే మరి. పరలోక ప్రార్థన మరిసిపోనాను గాని, ఆ గ్లాసు మరిసిపోలేదు. మరిసిపోతే బాగుణ్ణని కూడా అనుకున్నాను. నీకు సదువు రాదు, నువ్వు ఆ బ్లాగు సూడవు, ఎవులు సెప్తారు నీకు అనుకున్నాను. నా పేరు ఒక్కసోటైనా అచ్చయి ఉంటే, నాను మరిసిపోయినా అది నన్ను మరిసిపోదు కదా అనుకున్నాను. అంతే. ఇంకేటీ లేదు.

ఏటది, రెండు వేళ్లు సూపిస్తన్నావు? రెండు పేర్లా? కుదరదు, కాగితంలో పేరుకి గడి ఒకటే. అడిగీసినాను.

నన్నెందుకు సూపిస్తన్నావు? నాదే ఉంచమనా? ఊరుకోవే. అంత మంచితనం నీకు ఎన్నడూ లేదు, ఇప్పుడు మొదలెట్టకు. పళ్లు పీకిన సోట మత్తు ఇంకా దిగలేదు, అదీ సంగతి.

ఇదిగో, ధనరాజ్ కాడ అడిగి తెచ్చుకున్న కాగితం, నా పేరు కొట్టీసినాను. ద, దీర్ఘం. ల. మకి మ. దాలమ్మ. నీ పేరు పొట్టిది, గడిలో సక్కగా పట్టినాది.

‘రచయిత గురించి మూడు వాక్యాలు.’ దాలమ్మ ముప్పై ఏళ్లు మోటార్లు సుట్టినాది. గ్లాసు పరీక్ష ఆవిడదే. పళ్లు నాలుగు తక్కువ. సాలా? ఉండనీ, నిజమే కదా.

ఇంక నీ ఫోటో. ‘ఇటీవల తీసినదై ఉండాలి.’ దీనికంటే ఇటీవలది దొరకదు. యమునా, నీ ఫోను పట్రా అమ్మా. యమునే కదా? ఆఁ. మీ అత్త ఫోటో, ఈ కాగితం ఫోటో నాలుగు కొట్టకముందే ధనరాజ్‌కి పంపీయమ్మా. దాలమ్మా, ఇటు సూడు. కొంగు సర్దుకో. నవ్వకు, దూది కనిపిస్తాది. సరే, నవ్వు, ఏటయిపోతాది.

నా పేరు సంగతేటా? తొమ్మిదో రూలు ఉన్నాది కదా, ‘మరొక పనివారు సరిచూడాలి.’ సరిసూసిన మనిసి పేరు అడుగున సన్నక్షరాల్లో ఏస్తారట. అద్దాలెట్టుకుంటే కనిపిస్తాది.

ఈ కొట్టీసిన కాగితం నీ పెట్టెలో దాసుకో. ఏడాదికో రెండేళ్లకో, గ్లాసు సంగతి నాను కనిపెట్టినదే అని నీ గుమ్మంలోకి వచ్చి దెబ్బలాడతాను సూడు. అప్పుడు ఆటకి కాదు, నిజంగానే మరిసిపోయి వస్తాను.

అప్పటికి నీ నోట్లో దూది ఉండదు. తిట్టు.