కప్పల మాస్టారి సిఫారసు

అబ్బా, మెల్లిగా తల్లీ. నరం దొరకడం లేదా? దొరకదులే. నిన్న సాయంత్రం నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఏమీ తినకుండా రమ్మని మీ కౌంటరావిడ ఫోన్లో చెబితే, నేను నీళ్లు కూడా మానేశాను. నాకు మొదట్నుంచీ ఇదే రోగం, ఎవరైనా ఒకటి చెబితే దానికి నాదొకటి కలుపుతాను.

ఏమిటలా చూస్తున్నావు? చీటీ మీద పేరు చదివావా? అవును, నేనే. జీవశాస్త్రం చెప్పిన మాస్టారిని. మీరంతా వెనకాల కప్పల మాస్టారు అనేవాళ్లుగా, ఆ మనిషిని. నాకు తెలియదనుకున్నారా? స్టాఫ్ రూములో కూడా నాకు అదే పేరు.

ఆ, దొరికిందా? చూడు, నొప్పే తెలియలేదు. నీ చెయ్యి అప్పుడూ అంతే. క్లాసంతా ముక్కులు మూసుకుని నిలబడితే, నువ్వొక్కదానివే కప్పను కోసి, ఒక్క నరం తెగకుండా విడదీసి, పిన్నులు గుచ్చి, పేర్లు రాసి చూపించావు. ఇది డాక్టరు చెయ్యి అని ఆ రోజే అనుకున్నాను.

అయ్యో, ఈ మాట ఇప్పుడు అనకూడదు కదూ. నోరు జారాను. ఏమీ అనుకోకు.

నిజం చెప్పనా? మా సందు చివరే ఇంకో ల్యాబు ఉంది. రెండు బస్సులు మారి ఇక్కడికి వచ్చింది షుగరు చూపించుకోవడానికి కాదు. నువ్విక్కడ రక్తాలు తీస్తున్నావని మన కాలేజీ ల్యాబు అటెండరు చెప్పాడు. చెప్పి ఏడాదైంది. నాకే ముఖం చెల్లలేదు.

లేదు, కాఫీ వద్దు. ఆ దూది నేనే నొక్కి పట్టుకుంటాను, నువ్వలా కూర్చో. బయట ఇద్దరే ఉన్నారు. ఒకాయన పేపరు చదువుతున్నాడు, ఇంకొకాయన నిద్రపోతున్నాడు. ఐదు నిమిషాలకేం కొంప మునగదు.

నీ స్కాలర్‌షిప్పు సంగతి తల్లీ. పోయి తొమ్మిదేళ్లయిందా? మెడికల్ సీటు నీ ర్యాంకుతో నువ్వు తెచ్చుకున్నావు. మీ నాన్నగారు బేకరీ పొయ్యి దగ్గర, మీ అమ్మగారు నర్సింగ్ హోములో దుప్పట్లు ఉతుకుతూ, ఆ ఫీజు మీవల్ల అయ్యేది కాదు. ఆ ట్రస్టు వాళ్లు ఇస్తే ఐదేళ్లూ మొత్తం వాళ్లే చూసుకునేవాళ్లు. మార్కులు నీవి, ఆదాయం కాగితం మీ నాన్నగారిది. ఇక కావలసింది మాస్టారి ఉత్తరం ఒక్కటే. అది నేను రాసి, కవరు అంటించి, నేనే పోస్టు చెయ్యాలి. నువ్వు చూడకూడదు. అది వాళ్ల పద్ధతి.

ఆ ఉత్తరం కోసం వాళ్లిచ్చిన కాగితంలో చివర ఒక ప్రశ్న ఉంది. ఈ సాయం అందకపోతే విద్యార్థి చదువు ఏమవుతుంది, అని. దానికింద నేనేం రాశానో తెలుసా? "ఈ అమ్మాయి పట్టుదల ముందు పేదరికం ఒక లెక్క కాదు. ఎవరి సాయం అందినా అందకపోయినా డాక్టరై తీరుతుంది." అని రాశాను.

నవ్వకు తల్లీ. పోనీ, నవ్వు. అది రాసి ఎంత మురిసిపోయానో! స్టాఫ్ రూములో పైకి చదివి వినిపించాను. లెక్కల మాస్టారు, ఇంత బాగా ఎవరు రాస్తారండీ అన్నాడు. ఇంత చదువుకున్నవాళ్లం అంతమందిమి ఉన్నాం, ఆ ప్రశ్న ఎందుకు అడిగారో ఒక్కడికీ తట్టలేదు. పొగడమన్నారనుకున్నాం.

ఇంతటితో అయిపోతే పొరపాటు అనుకోవచ్చు. కాదు, విను.

పది రోజులకి ట్రస్టు నుంచి నాకు ఉత్తరం వచ్చింది. మీరు రాసినదాన్నిబట్టి ఈమెకు సాయం అక్కర్లేదని అర్థమవుతోంది, అది నిజమేనా, వారంలోగా జవాబివ్వండి, అని. ఎంత మర్యాదగా అడిగారో. నాకేమో తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల సర్వీసు ఉన్నవాణ్ణి, నా మాటకి వివరణ అడుగుతారా అని ఒళ్లు మండింది. ఆ ఉత్తరాన్ని రికార్డు పుస్తకాల కింద పడేశాను. నీకెలాగూ వస్తుందిలే, నీకు రాక ఇంకెవరికి వస్తుంది అనుకున్నాను.

లిస్టులో నీ పేరు లేదు.

నువ్వు వచ్చి, ఎందుకు రాలేదంటారు మాస్టారూ అని అడిగావు. అంతా పెద్దవాళ్ల పలుకుబడి తల్లీ, మనబోటివాళ్లకి ఎవరిస్తారు, అన్నాను. అవును, పచ్చి అబద్ధం. నువ్వు నమ్మావు. పైగా నన్నే ఓదార్చావు. వారం తిరక్కుండా నా దగ్గర తీసుకున్న పుస్తకాలన్నిటికీ కొత్త అట్టలు వేసి తెచ్చిచ్చావు. ఆ అట్టలు ఇప్పటికీ విప్పలేదు.

ఏమన్నావు? ఇప్పుడు బాగానే ఉన్నానంటావా? ఆ మాట నాకోసం అనకు తల్లీ. తిట్టు. తిట్టించుకుందామనే వచ్చాను.

సరే, ఇంకో సంగతి కూడా ఉంది. మా పక్కింటి పెయింటరు కూతురికి ఈ ఏడు సీటు వచ్చింది. అదే ట్రస్టు, అదే కాగితం, చివర అదే ప్రశ్న. మాస్టారూ, మీరే రాయాలి అని నా చేతిలో పెట్టి వెళ్లింది. రేపు పోస్టులో పడాలి. నాలుగుసార్లు మొదలుపెట్టాను, నాలుగుసార్లూ పొగడ్తల్లోకే పోయాను. ఇదిగో, జేబులోనే ఉంది. ఇందులో ఏం రాయమంటావు? నువ్వు చెప్పింది చెప్పినట్టు రాస్తాను, నాదొక్క ముక్క కలపను.

చెప్పు తల్లీ.

"సాయం అందకపోతే ఈ అమ్మాయి చదవలేదు." అంతేనా?

అవును. అంతే. నీకిప్పుడు అర నిమిషం పట్టింది.

ఆ మాట నాకు తట్టక కాదు తల్లీ. నీ కాగితానికి విడిగా చిత్తు రాసుకున్నప్పుడు మొదట రాసింది అదే. అక్షరం తేడా లేకుండా అదే. పైకి చదివి చూసుకుంటే, నా క్లాసులో మొదటి పిల్ల ఎవరి గుమ్మంలోనో చెయ్యి చాపి నిలబడ్డట్టు అనిపించింది. నీకేం అనిపిస్తుందని కూడా ఆలోచించలేదు. నాకు నామోషీ వేసి చింపేశాను.