తొయామా స్టేషన్లో నల్లబల్ల

"ఆంటీ, మీరు నిజంగా జపాన్‌లో ఉండేవారా? మేం వెకేషన్‌కి బుక్ చేశాం. ఇదిగో, తొయామా స్టేషన్, ఎంత బావుందో చూడండి."

ఏదీ, ఆ ఫోనిలా ఇవ్వు. అబ్బో, అంతా అద్దాలే. ఇది నా స్టేషన్ కాదు సాహితీ. అంటే చోటు అదేలే, కట్టడం మార్చేసినట్టున్నారు. మా కాలంలో పొట్టి బిల్డింగు, గుమ్మంలో గొడుగులన్నీ కారుతూ, తడిసిన ఉన్ని కోట్ల వాసనా. మంచు పడితే నడుం దాకా. ఇక్కడ జెర్సీ సిటీలో నాలుగంగుళాలు పడితేనే మా అమ్మాయి వర్క్ ఫ్రమ్ హోమ్ అంటుంది.

మా ఆయన్ని రెండేళ్ళు ట్రెయినింగ్‌కి పంపించారు, అక్కడి ఫ్యాక్టరీకి. నాకప్పుడు ఇరవై మూడు... కాదు, ఇరవై నాలుగు, మా చెల్లెలి పెళ్ళయిన ఏడు. ఆయనకి జపనీస్ నేర్పించారు. పెళ్ళానికెందుకు, పప్పు ఉడకడానికి భాష అక్కర్లేదుగా. ఏడింటి రైలుకి వెళ్ళేవారు. తిరిగొచ్చి తిని టీవీ చూసుకునేవారు, ఆయనకి భాష అర్థమయ్యేదిగా.

బజారుకెళితే ఏదో ఒకటి కొనాలి. అక్కడ ఒక్క ఆపిల్ ధరకి తెనాలిలో బుట్టెడు జామకాయలొచ్చేవి. స్టేషన్లో అయితే ఊరికే కూచోవచ్చు. ఎందుకు కూచున్నావని ఎవరూ అడగరు. అడిగితే బావుణ్ణనిపించేది.

గేటు పక్కన నల్లబల్ల ఉండేది. మీకు ఫోన్లున్నాయి, వాళ్ళకప్పుడు అదే. ఎవరికోసమో చూసి చూసి, రాకపోతే, 'నేను వెళ్తున్నా, నువ్వొచ్చెయ్' అని సుద్దతో రాసి పోయేవాళ్ళు. పక్కన టైము వెయ్యాలి. కొన్ని గంటలయ్యాక స్టేషనాయన, తెల్ల గ్లవ్స్ ముసలాయన, వచ్చి తుడిచేసేవాడు. ఈ పద్ధతంతా నాకు తర్వాత తెలిసిందిలే.

ఓ రోజు నేనూ రాశా. 'నా పేరు కామాక్షి. మాది తెనాలి. తెలుగువాళ్ళెవరైనా ఉంటే కింద రాయండి.' టైము వెయ్యలేదు, తెలీదుగా. టైము లేనిదాన్ని ఎప్పుడు తుడవాలో పాపం ఆయనకీ తెలీలేదు. చుట్టూ తుడిచి నాది వదిలేసేవాడు. నాలుగు రోజులుంది. రోజూ వెళ్ళి కింద ఎవరైనా రాశారేమోనని చూడ్డం.

ఐదో రోజు వెళ్తే నాదొక్కటే లేదు. మిగతావన్నీ ఉన్నాయి. ముసలాయనకి బల్ల చూపించా. నేను కాదని తల ఊపి, పెదవి మీద వేలితో ఇట్టా గీసి చూపించాడు. మీసం. ఆ ఊళ్ళో ఆ పాటి మీసం ఒక్కరికే ఉంది.

ఇంటికొచ్చాక అడిగితే, అన్నం కలుపుతూ, "ఫ్యాక్టరీవాళ్ళు అదేంటని అడిగారు. మా ఆవిడకి పలకరించే దిక్కు లేదని చెప్పనా?" అన్నారు.

చూశావా? ఊరు మొత్తానికి తెలుగు చదవగలిగింది ఒక్కరు. చదివారు. చదివి తుడిచారు.

మర్నాడు మళ్ళీ వెళ్ళా. చదివేదెవరో తెలిసిపోయిందిగా ఇక. 'ఏవండీ, ఇవాళ నాతో ఎవరూ మాట్లాడలేదు' అని రాసి, ఈసారి వాచీ చూసి టైము కూడా వేశా, ఆయన రైలు దిగేదాకా ఉండేట్టు. రోజూ అంతే. 'ఏవండీ, అమ్మ ఉత్తరం వచ్చింది.' 'ఏవండీ, పాలు విరిగాయి.' ఇంటికొచ్చి ఒక్క ముక్క అనేవారు కాదు. స్టేషన్ ముసలాయన్ని అడిగితే, మీసమాయన తుడవడం లేదని సైగ చేశాడు.

నెల పైనే రాశా. ఓ రోజు జ్వరమొచ్చి... కాదులే, జ్వరమేం లేదు, విసుగు. వెళ్ళలేదు. ఆ సాయంత్రం బూట్లయినా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, "ఏం, ఇవాళేం రాయలేదే?" అన్నారు.

అన్నం అయిందా అనేది కాక, ఆ దేశం వెళ్ళాక ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న అది.

ఏం చెప్పాననా? సుద్ద అయిపోయిందన్నా. ఓహో అని బూట్లు విప్పుకున్నారు. మళ్ళీ నేను రాయలేదు, ఆయన అడగలేదు. తర్వాత అమెరికా, పిల్లలు, ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఆయన పోయి నాలుగేళ్ళు. ఆ పూట ఉన్నమాట చెప్పి ఉంటే... ఏమో. అన్నీ నేనే ఎందుకు చెప్పాలని ఇప్పటికీ కోపమే. కానీ అడిగారుగా, ఒక్కసారైనా.

సరేలే, నువ్వూ మీ ఆయనా చల్లగా వెళ్ళి రండి. దారిలో తగూ వస్తే గట్టిగా అరుచుకోండి తల్లీ, ఫర్లేదు. ఊరుకోవద్దు. ఊరుకోవడం ఒకసారి అలవాటైందంటే ఇంక...