కొయ్యకాళ్లకు అగ్గి వెట్టనియ్యలే

"బాపమ్మా, ఊరంత వరి కొయ్యకాళ్లు కాలవెడ్తరు గదా, మనమెందుకు కాలవెట్టం?"

అంటవా... కూసో, చెప్త. ఎవుసం సదువు సదువుతున్నవు, నీకు తెల్వాలె.

మా అవ్వగారిల్లు మల్యాల గదా. మేం చిన్నగున్నప్పుడు వరిగడ్డి కోసం అన్నదమ్ములే కొట్లాడుకునేటోళ్లు, ఇంటింటికి ఎడ్లు, బర్లు ఉండె. మోపు గడ్డి రూపాయి... కాదు కాదు, రూపాయిన్నర. ఇప్పుడు పసులేవి? కోత మిషన్ అచ్చి పైపైన కోసుకపోతది, మోకాలెత్తు కొయ్యలు మిగుల్తయి. మీ తాత ఏటా అగ్గిపుల్ల గీసుడే. ఒక యేడు కాలవెట్టినంక దున్నిస్తుంటే సూసిన, ట్రాక్టర్ ఎనుక ఒక్క కొంగ దిగలే. మట్టిల ఎర్రలు, పురుగులు బతికుంటే గదా దిగేటందుకు. నా పానం తల్లడిల్లింది.

ఇగ కాలవెట్టేది లేదు, కొయ్యలు మడిలనే కలియ దున్నుదాం అన్న. మీ తాత నవ్విండు. "సరే, ఒక్క పంటకు నీ మాట ఇంట. పంట పోతే మల్ల నోరెత్తద్దు" అన్నడు.

నాకు తొందర జూడు, దున్నిన నాలుగో నాడే నాటేయిస్తి. కొయ్యలు మురగనే లేదు. నారంత పాలిపోయి పసుపుపచ్చగ అయ్యింది. తొవ్వెంట పోయేటోళ్లు "ఏందక్కా, ఈసారి పసుపు వెట్టినవా" అని ఎక్కిరిచ్చుడు. పంట తగ్గిందే, నేనెందుకు అబద్దమాడాలె.

తప్పు నాది, కొయ్యలది గాదు, ఇంకొక్క పంట ఇయ్యి అని మీ తాతను బతిలాడిన. ఈసారి దున్నిచ్చి, నీళ్లు వెట్టి ఇరవై దినాలు మురగవెట్టిన. సుట్టుముట్టు నాట్లు అయిపోయినయి, మాది ఖాలీ. నాకు బువ్వ సయించలే బిడ్డా. గాని నాటేసినంక సూడాలె, పొలం నల్లగ, ఏపుగ ఎక్కింది. యూరియా తగ్గించినా ఒడ్లు తగ్గలే. జనం పెరుగుతున్నరు, అందరికి బువ్వ గావాలె, భూమి పెరగది గదా. ఉన్నదాన్ని కాలవెట్టుకుంట ఎన్నొద్దులు పెడ్తం?

ఒడ్లు కొనే కాడ కుప్ప వోసినం. ఒకాయన గింజలు అరచేతుల నలిపి, "ఎవలియి గీ ఒడ్లు" అన్నడు. పట్టా మీ తాతదే. పెండ్లయిన కాడి సంది "నా పొలం, నా పొలం" అనేటోడు. గారోజు నా దిక్కు సూసి, "మా ఇంటామె పొలంల ఒడ్లు" అన్నడు.

అందరి ముంగట ఏడ్సిన. సంబురం బిడ్డా, దుఃఖం గాదు.

నువ్వు నాకంటె పెద్దగ కావాలె. నీ సదువుతోని పండిన బువ్వ పదూర్లు తినాలె. సల్లగుండు తల్లీ.